ఎదురు తిరిగిన మర

లైన్‌మన్ మాలకొండయ్య పోయిన అయిదో రోజు, ఆదివారం పొద్దున తొమ్మిదింపావుకి ఆదాం రావులమిట్టలో అతని ఇంటి ముందు స్కూటర్ ఆపాడు. వసారాలోనే కారం మర ఉంది. దాని చుట్టూ ఎర్రటి దుమ్ము ఊడ్చే దిక్కు లేక అలాగే పేరుకుపోయింది. మోటారు మీద ఎవరో దుప్పటి కప్పారు. కప్పిన తీరు చూస్తే కింద ఉన్నది మోటారులా లేదు.

వసారాలో నలుగురున్నారు. మాలకొండయ్య భార్య సామ్రాజ్యం, ఆమె తల్లి, ఇరుగింటి ఆడవాళ్ళిద్దరు. ఆదాం లోపలికి అడుగు పెడుతూనే లెక్కపెట్టాడు. ఎక్కడికి వెళ్ళినా ముందు మనుషుల్ని లెక్కపెట్టడం అతనికి ఎనిమిదేళ్ళుగా అలవాటు. ఇప్పుడు నరసరావుపేట బస్టాండ్ వెనక ఒక గదిలో డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతున్నా, అంతకుముందు పద్దెనిమిదేళ్ళు కరెంటు శాఖలో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా చేసినవాడు. మాలకొండయ్య ఒకప్పుడు అతని చేతికింద పనిచేశాడు.

కేసు పైకి చూస్తే చాలా చిన్నది. పద్నాలుగో తారీఖు మంగళవారం పది నలభైకి మాలకొండయ్య సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకున్నాడు. లైన్ క్లియర్ అంటే, కరెంటు తీసేశాం, నువ్వు పని అయిందని చెప్పేదాకా మళ్ళీ వెయ్యం అని ఆపరేటర్ రాసిచ్చే మాట. ఆ మాట రాసిచ్చింది గఫూర్. పదకొండు యాభై రెండుకి, అరవై మూడో నంబరు స్తంభం మీద, కరెంటు లేని తీగ పట్టుకుని మాలకొండయ్య చనిపోయాడు. గఫూర్ పొరపాటున స్విచ్ వేసి, తప్పు తెలిసి తీసేసి, రిజిస్టర్ దిద్దుకున్నాడని శాఖ తేల్చింది. అతన్ని సస్పెండ్ చేశారు. సోమవారం అరెస్టు చేస్తారని వినుకొండంతా చెప్పుకుంటున్నారు. గఫూర్ భార్య నసీమున్నీసా శుక్రవారం వచ్చి ఆదాం గది గుమ్మంలో కూర్చుని, ఆయన స్విచ్ వెయ్యలేదన్నా అని ఒకటే మాట పదిసార్లు చెప్పింది.

ఊళ్ళో వాళ్ళు మాత్రం గఫూర్ని అనడం లేదు. అరవై మూడో స్తంభం శ్మశానం పక్కన ఉంది. అది దయ్యం కరెంటంటున్నారు.

సామ్రాజ్యం దుప్పటి వైపు చూస్తూ మొదలుపెట్టింది. ఆ రోజు కారం పట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు కరెంటు పోయిందని కూర్చుని ఉన్నారు. ఒకామె పన్నెండు గంటల బస్సుకి పోవాలి, గోడ గడియారం చూస్తూ సణుగుతోంది. ఇంతలో బల్బు వెలిగింది.

"సంతోషపడ్డానన్నా," అంది సామ్రాజ్యం. "అమ్మయ్య, వచ్చింది అన్నాను. పైకే అన్నాను. అదే నిమిషంలో అక్కడాయన..."

ఆమె తల్లి వీపు మీద చెయ్యేసింది. సామ్రాజ్యం ఆ చేతిని తీసేసి మిగతాది కూడా చెప్పేసింది.

"మర స్విచ్ నొక్కాను. ఎదురు తిరిగింది."

"ఎదురంటే?"

"రోజూ ఇటు తిరిగేది అటు తిరిగింది. బెల్టు ఊడి గోడకి కొట్టుకుంది. పోతూపోతూ ఇంటికొచ్చి తిప్పిపోయాడంటున్నారు అందరూ."

ఆదాం లేచి మోటారు మీద దుప్పటి తీశాడు. ఇరుగింటి ఆడవాళ్ళు వసారా దిగి వీధిలో నిలబడ్డారు. ఒక్కసారి వేసి చూస్తానమ్మా అని అడిగితే సామ్రాజ్యం వద్దనలేదు, చెవులు మూసుకుని గోడవైపు తిరిగింది. బెల్టు లేని చక్రం ఆకుపచ్చ బటన్ నొక్కగానే గిర్రున తిరిగింది. కుడివైపుకి. పదకొండేళ్ళుగా ఎటు తిరుగుతోందో అటే. కవచం మీద కొట్టిన బాణం గుర్తు కూడా అటే చూపిస్తోంది.

అతను మోటారు ఆపి, అది పూర్తిగా ఆగేదాకా అలాగే నిలబడ్డాడు. ఇలాంటి మోటారుకి మూడు తీగలుంటాయి. అవి వచ్చే వరసని బట్టి అది తిరుగుతుంది. అందులో ఏ రెండు తారుమారైనా ఎదురు తిరుగుతుంది. సబ్‌స్టేషన్ కరెంటు ఏనాడూ దీన్ని ఎదురు తిప్పలేదు, ఇప్పుడూ తిప్పలేదు. మంగళవారం వచ్చిన కరెంటు సబ్‌స్టేషన్‌ది కాదు.

దయ్యాలకి వైరింగ్ తప్పులుండవు. మనుషులకే ఉంటాయి.

ఇంకేమైనా గమనించావా అని అడిగాడు. ఆమె కళ్ళు తుడుచుకుని ఆలోచించింది. బల్బు బాగా వెలగడానికి ముందు రెండుసార్లు ఎర్రగా మినుక్కుమని ఆరిపోయిందట. మొదటిది పదకొండున్నరకి, రెండోది పదకొండు నలభైకి. బస్సుకి పోవలసినామె ప్రతిసారీ గడియారం చూసి టైము చెప్పింది కాబట్టి బాగా గుర్తు. మూడోసారి, పదకొండు యాభై రెండుకి వెలిగింది ఆరు నిమిషాలుండి పోయింది.

ఆదాం మూడు టైములూ చీటీ మీద రాసుకున్నాడు. ఆ రెండు మినుకులకీ అర్థం అతనికి తెలుసు. తెలియకపోతే బాగుండుననిపించింది.

వెళ్ళబోతుంటే మాలకొండయ్య జేబులో దొరికిన వస్తువులు అడిగాడు. ఆసుపత్రి వాళ్ళిచ్చిన సంచిలో పర్సు, బీడీకట్ట, టెస్టర్, నల్లదారానికి కట్టిన చిన్న ఇత్తడి తాళంచెవి ఉన్నాయి.

"అది ఆయన సొంత తాళందన్నా," అంది సామ్రాజ్యం. "మస్తాన్‌వలి పోయిన తర్వాత కొన్నాడు. కట్టె ఫ్యాక్టరీ వచ్చాక మరీను. స్తంభం ఎక్కే ముందు అక్కడికెళ్ళి, వాళ్ళ స్విచ్ దించి, తాళం వేసి, చెవి జేబులో వేసుకుంటేగానీ ఎక్కేవాడు కాదు."

మస్తాన్‌వలి పేరు వినగానే ఆదాం తల దించుకున్నాడు. ఆమె నొప్పించాలని అనలేదు. అయినా అది గుచ్చుకుంది.

తొంభై ఆరు మే నెలలో, మార్టూరు దగ్గర, పని ముగించుకుని అయిదుగురు దిగాలి. నలుగురు దిగడం ఆదాం చూశాడు. సబ్‌స్టేషన్ నుంచి అందరూ దిగారా అని ఫోన్‌లో అడిగితే, దిగారు అన్నాడు. అయిదోవాడు మస్తాన్‌వలి, జారవిడిచిన పటకారు కోసం దిగి మళ్ళీ ఎక్కాడు, పైనే పోయాడు. ఆ ఒక్క మాట తర్వాత ఆదాం ఉద్యోగం పోయింది, నిద్రా పోయింది. ఇప్పటికీ ఏ స్తంభం కనిపించినా తల పైకెత్తి చూస్తాడు, ఎవరైనా మిగిలిపోయారేమోనని.

*

కట్టె ఫ్యాక్టరీకి అసలు పేరు ఏదో ఉంది కానీ ఊళ్ళవాళ్ళెవరూ ఆ పేరు పలకరు. మిరప కట్టె, పత్తి కట్టె కాల్చి కరెంటు తీస్తారు. బొగ్గు అక్కర్లేదు, గని అక్కర్లేదు, ఏటా చేలో మొలిచేదే ఇంధనం అని మూడేళ్ళ కిందట మొదలెట్టినప్పుడు రైతులు నిజంగానే సంబరపడ్డారు. చేలో తగలబెట్టే కట్టెకి విలువ వచ్చింది. ఎండాకాలం బాగానే నడిచింది. వానలు మొదలైతే కట్టె తడిసేది. ఉన్న నాలుగు ఎండు మోపులూ ఇటుక బట్టీలవాళ్ళూ, పొగాకు ఆరబెట్టే బ్యారన్లవాళ్ళూ ఎగరేసుకుపోయేవాళ్ళు.

ఆదాం వెళ్ళేసరికి పదకొండయింది. గేటు లోపల యార్డు ఖాళీగా ఉంది. మూలన కుళ్ళిన మిరప కట్టె గుట్టలోంచి ఘాటు వస్తోంది. అంత పెద్ద బాయిలర్, అంత పొడుగు చిమ్నీ, ఒక్క చప్పుడు లేదు. మనుషులు గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు, జబ్బుమనిషి ఉన్న ఇంట్లోలాగా.

స్విచ్ యార్డు దగ్గర ముగ్గురున్నారు. మేనేజర్ జక్రయ్య, షిఫ్టు ఇంజనీర్ అస్లాం, శాఖ తరఫు విచారణాధికారి మాధవీలత. ఆమెని ఆదాం చూడగానే గుర్తుపట్టాడు. మస్తాన్‌వలి కేసులో ఆదాం తప్పు చేశాడని రిపోర్టు రాసింది ఆవిడే. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అందుకే ఆమె మీద కోపం తెచ్చుకోవడం కూడా అతని వల్ల కాలేదు.

"మీకిక్కడ పనేమిటి ఆదాం గారూ?" అందామె, ఫైలు మూస్తూ.

గఫూర్ తరఫున వచ్చానన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఫ్యాక్టరీలో మంగళవారానికే తొమ్మిది రోజులుగా కట్టె లేదు, బాయిలర్ ముట్టుకుంటే చల్లగా ఉంది, లైనుకీ ఫ్యాక్టరీకీ మధ్య ఉన్న స్విచ్ దించి తాళం వేసి ఉంది. ఆ రోజు రెండున్నరకి తనే వచ్చి చూసింది, ఫోటో కూడా తీయించింది. కాబట్టి కరెంటు రాగలిగిన దారి ఒక్కటే మిగిలింది, అది గఫూర్ చెయ్యి. ఇదంతా ఆమె గొంతు పెంచకుండా, వేళ్ళు మడుస్తూ చెప్పింది.

"ఎనిమిదేళ్ళ క్రితం మీకు జరిగింది గఫూర్‌కి జరక్కూడదని మీరనుకోవడం నాకర్థమవుతుంది," అని చివర్లో అంది. "కానీ పాపం అనిపించినంత మాత్రాన సాక్ష్యం మారదు."

జక్రయ్య మధ్యలో కల్పించుకున్నాడు. నలభై అయిదేళ్ళ మనిషి, తెల్ల చొక్కా, కళ్ళ కింద నల్లటి గుంటలు. ఆయన మాటల్లో కపటం కంటే అలసట ఎక్కువగా వినిపించింది.

"గాలితో తీస్తాం, ఎండతో తీస్తాం, కట్టెతో తీస్తాం, దేశమంతా ఇక బొగ్గు లేకుండానే వెలుగుతుందని మీటింగుల్లో చెప్తారండీ. చప్పట్లు కొడతారు. మబ్బు పట్టిన రోజు ఏం చెయ్యాలో, వానాకాలం కట్టె ఎక్కణ్ణించి తేవాలో ఒక్కడూ చెప్పడు. మా తిప్పలు మేం పడుతుంటే మళ్ళీ ఈ శవం మా మెడకి చుట్టొద్దు."

ఆదాం సామ్రాజ్యం నుంచి తెచ్చిన నల్లదారం జేబులోంచి తీశాడు. చివర ఇత్తడి తాళంచెవి వేలాడింది.

"మేడమ్, మీరు చూసినప్పుడు తాళం వేసే ఉంది. ఒప్పుకుంటాను. ఎవరి తాళం?"

"మాలకొండయ్యది. పొద్దున తొమ్మిదిన్నరకి వచ్చి వేసుకెళ్ళాడు. గేటు రిజిస్టర్లో ఉంది."

"ఇది మాలకొండయ్య తాళంచెవి. శవం జేబులో దొరికింది. మీరే తియ్యండి."

అతను చెవి ఆమె చేతిలో పెట్టాడు. స్విచ్ హ్యాండిల్ నడుమెత్తులో కిందికి దించి ఉంది. కడియానికి ఇత్తడి తాళం వేలాడుతోంది. విచారణ పూర్తయ్యేదాకా ముట్టుకోవద్దని ఆమె కట్టించిన సీలు దాని మీద అలాగే ఉంది. మాధవీలత సీలు విప్పి, తాళం పట్టుకుని చెవి పెట్టింది. సగం దూరింది. తిప్పింది, తిరగలేదు. బయటికి తీసి, పమిట చెంగుతో తుడిచి మళ్ళీ పెట్టింది. అయినా తిరగలేదు.

ఆదాం మోకాళ్ళ మీద కూర్చుని కడియం చూశాడు. లోపలి అంచున ఇనుము మీద రెండు సన్నటి గాట్లున్నాయి. వాన తగిలి తుప్పు మొదలైంది కానీ ఇంకా తెల్లగానే ఉన్నాయి. రంపంతో తాళం కోస్తుంటే బ్లేడు జారి కడియానికి తగిలిన గాట్లు. పాత తాళం కోసేసి, పని కానిచ్చి, అదే రకం కొత్త తాళం తెచ్చి వేశారు.

"తొమ్మిదిన్నరకి వేసింది ఒక తాళం. రెండున్నరకి మీరు చూసింది ఇంకో తాళం," అన్నాడు లేస్తూ. "ఇక మధ్యలో ఏం జరిగిందో మీ ఫైల్లోనే ఉండాలి. ఆ రోజు మీరు ఎగుమతి మీటర్ రాసుకున్నారా?"

మాధవీలత ఫైలు తెరిచింది. మంగళవారం పొద్దున ఎనిమిదికి ఫ్యాక్టరీ రిజిస్టర్లో ఉన్న అంకె, రెండున్నరకి తను రాసుకున్న అంకె పక్కపక్కనే ఉన్నాయి. కట్టె లేని ఫ్యాక్టరీ లైనుకి కరెంటు పంపినట్టు ఇరవై యూనిట్లు తేడా. రాసినవాళ్ళు అంకె తప్పు రాసుంటారని ఆవిడే పక్కన పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంది. ఇప్పుడు ఆ గుర్తు వంకే చూస్తూ నిలబడిపోయింది. ఆమె ముఖంలో రంగు మారడం ఆదాం చూశాడు. గెలిచిన సంతోషం మాత్రం అతనికి కలగలేదు.

సరిగ్గా అప్పుడే జక్రయ్య, కాంట్రాక్టర్‌కి ఫోన్ చేసొస్తానంటూ ఆఫీసు వైపు నడిచాడు. ఆ క్షణంలో అతన్ని ఆపాలని ఇద్దరికీ తోచలేదు.

ఆదాం అస్లాం వైపు తిరిగాడు. పాతికేళ్ళుంటాయి, గడ్డం గీసుకుని చాలా రోజులైంది.

"బాయిలర్ చల్లగానే ఉంది. నడిచింది డీజిల్ జనరేటర్," అన్నాడు ఆదాం. "తొందరలో కేబుల్ బిగించారు. రెండు తీగలు తారుమారయ్యాయి. రావులమిట్టలో మర ఎదురు తిరిగింది. అంతేనా?"

అస్లాం తలూపాడు. తర్వాత ఆగలేదు, గొంతుకి అడ్డంపడింది తీసినట్టు చెప్పుకుపోయాడు. పది రోజులు వరసగా ఒక్క యూనిట్ కూడా ఇవ్వకపోతే ఒప్పందం రద్దు చెయ్యొచ్చని షరతుంది. మంగళవారం పదో రోజు. మీటర్ కాస్త కదిలితే చాలు. కరెంటున్న లైనుకి జనరేటర్ కలపాలంటే రెండింటి లయా కలవాలి, ఈ పాత జనరేటర్‌తో అది కాని పని. కరెంటు లేని లైనైతే స్విచ్ వేస్తే చాలు, ఊళ్ళే వాడేసుకుంటాయి. అందుకని లైన్ క్లియర్ కోసం కాచుకుని కూర్చున్నారు. తాళం జక్రయ్య కోశాడు. అస్లాం పక్కన నిలబడి చూశాడు.

"పదకొండున్నరకి మొదటిసారి వేశారు. జనరేటర్ ఆగిపోయింది," అన్నాడు ఆదాం. "పదకొండు నలభైకి మళ్ళీ వేశారు. మళ్ళీ ఆగిపోయింది. ఎందుకాగిందో నీకు తెలుసా?"

మాధవీలతే చెప్పింది, నెమ్మదిగా, తనకి తను చెప్పుకుంటున్నట్టు. మాలకొండయ్య తీగల్ని భూమికి కలిపి ఎర్తు రాడ్లు తగిలించుకున్నాడు. అవి ఉన్నంతసేపూ జనరేటర్ నిలవదు. పని అయ్యాక రాడ్లు తీసేశాడు. దిగబోతూ తీగకి కట్టిన ఒక బైండింగ్ వదులుగా ఉందని మళ్ళీ చెయ్యి పెట్టాడు. కింద నిలబడ్డ హెల్పర్ బాపయ్య వాంగ్మూలంలో అచ్చంగా ఇదే ఉంది. అప్పుడు మూడోసారి వేశారు. ఈసారి నిలిచింది.

"తీగ రెండుసార్లు మీతో చెప్పింది బాబూ," అన్నాడు ఆదాం. "నా మీద మనిషున్నాడని."

అస్లాం అక్కడే కంకర మీద కూలబడ్డాడు. రెండోసారి ఆగాక తనకి అనుమానం వచ్చిందన్నాడు. అందుకే అడిగానన్నాడు.

"ఎవర్ని?" అంది మాధవీలత.

"సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేశానండీ. అసలు లైన్ క్లియర్ ఏ టైముకో మాకు పొద్దున చెప్పిందే గఫూర్ గారు. ఆయన బావమరిది మా యార్డులోనే పని చేస్తాడు. ఫ్యాక్టరీ మూతపడకుండా ఈ ఒక్కరోజు సాయం చెయ్యమని మేనేజర్ అడిగితే కాదనలేకపోయాడు. రెండోసారి ఆగినాక నేనే ఫోన్ చేసి అడిగాను, స్తంభం మీద మనుషులు దిగారా అని." అస్లాం తలెత్తాడు. "దిగారు అన్నాడండీ. చూడకుండానే. దిగే ఉంటారు, కానివ్వండి అన్నాడు."

నసీమున్నీసా పదిసార్లు చెప్పిన మాట నిజమే. ఆమె భర్త స్విచ్ వెయ్యలేదు. ఒక మాట అన్నాడు, అంతే. ఆ మాట బరువెంతో ఈ జిల్లాలో ఆదాం కంటే బాగా ఎవరికీ తెలియదు. కాపాడతానని బయల్దేరిన మనిషి ముఖంలో అతనికి తన ముఖమే కనిపించింది. క్షమించాలో, పట్టించాలో తేల్చుకోలేక చిమ్నీ వైపు చూస్తూ నిలబడ్డాడు.

మాధవీలత దెప్పిపొడవలేదు. నేను సగం తప్పు, మీరు సగం తప్పు అని మాత్రం అంది. ఆ తర్వాత అసలు ప్రశ్న ఆవిడే అడిగింది. మనుషులు పైన ఉండొచ్చని తెలిసీ మూడోసారి స్విచ్ వేయించింది జక్రయ్యే. ఆ ఫోన్ సంగతి నీకు కాక ఇంకెవరికి తెలుసు అస్లాం?

"గఫూర్ గారికి. మేనేజర్‌కి. ఆయన ఎదురుగానే ఫోన్ చేశాను."

అంటే గఫూర్ నోరు తెరిస్తే జక్రయ్య మీద పడేది పొరపాటు కేసు కాదు, హత్య కేసు. ఆదాం గబుక్కున ఆఫీసు వైపు చూశాడు. తలుపు తీసే ఉంది, లోపల ఎవరూ లేరు. గేటు దగ్గర జక్రయ్య జీపు నిలబడిన చోట చమురు మరక మాత్రం ఉంది. వాచ్‌మన్‌ని అడిగితే, అయ్యగారు ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడి, ఇరవై నిమిషాల క్రితమే వినుకొండ వైపు వెళ్ళారన్నాడు.

మాధవీలత తన సెల్‌ఫోన్ తీసి ఇచ్చింది. ఆదాం వినుకొండలో గఫూర్ ఇంటికి నంబరు నొక్కాడు. ఆరుసార్లు మోగాక నసీమున్నీసా ఎత్తింది. ఆమె గొంతు శుక్రవారం కంటే తేలిగ్గా ఉంది. గఫూర్‌ని ఒక్కసారి పిలవమన్నాడు ఆదాం.

"పిలవడమేంటన్నా?" అందామె. "మీరు రమ్మన్నారనేగా జీపు పంపారు? మీ పేరు చెప్పగానే చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా ఎక్కి వెళ్ళాడు."